దొంగ నొక్కుళ్ళు

మంగళవారం

కింది అంతస్తు ప్రభువులు, ట్రాముల మాజీ డ్రైవరు, మా నాన్న షెహాతా గారి సముఖానికి,

మీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను గానీ రాయనని పెట్టుకోలేదు. అందుకే ఈ కాగితాన్ని రొట్టెల బుట్టలో పెట్టి తాడుతో కిందికి దింపుతున్నాను. చదివి సంతోషించండి. మీరు కోరుకున్నదే జరిగింది. నా పని మునిగిపోయింది.

ఆరేళ్ళుగా నేను ఫ్యాన్లూ గీజర్లూ విప్పి, ఎలా బాగుచేయాలో వీడియోలు తీసి పెడుతున్నానా? వాటికి ముందు సబ్బుల వాళ్ళవో పరుపుల వాళ్ళవో ప్రకటనలు వస్తాయి. ఆ ప్రకటనల డబ్బులో నా వాటాతోనే ఈ మూడో అంతస్తులో పొయ్యి వెలుగుతోంది. నిన్న కంపెనీ నుంచి నాలుగు ముక్కల తాఖీదు వచ్చింది. నా ప్రకటనల మీద దొంగ నొక్కుళ్ళు పడ్డాయట, నేనే నొక్కించుకున్నానట, ఇకమీదట నాకు వాటా లేదట. విన్నవించుకుందామంటే అవతల మనిషి లేడు. ఏ యంత్రమో రాసిపారేసి, కింద 'మీ సహాయ బృందం' అని సంతకం పెట్టింది. మెడ కోసి దండ వేయడమంటే ఇదే.

ఇక నా ప్రేక్షక దేవుళ్ళు నాలుగు లక్షలమంది. సంగతి చెబితే తలా ఒక ఏడుపు బొమ్మ పంపారు. అందులో ఒకడు ఆ ఏడుపు బొమ్మ కిందే 'అన్నా, మా వాషింగ్ మెషిన్ తిరగట్లేదు' అని అడిగాడు. ఈ గొర్రెల మంద కోసమా నేను చేతులు కాల్చుకున్నది!

వీళ్ళందరినీ తిట్టుకున్నా తీరని మంట ఒకటుంది. బక్రీదు నాడు, మా మేనమామల ముందు, వేయించిన కాలేయం ముక్క నోట్లో పెట్టుకుని మీరన్న మాట. 'మావాడికి ఉద్యోగం లేదు, ఫోనుంది' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా గొంతులో ఎముకలా అడ్డుపడే ఉంది.

ఇట్లు, ఇప్పుడు ఫోను తప్ప ఏమీ లేని
వజ్దీ

*

మంగళవారం సాయంత్రం

ఒరే వజ్దీ,

నీ 'మీరు'లూ 'సముఖాలూ' చెత్తబుట్టలో పారెయ్. ట్రాము నడిపిన చేతికి ఉత్తరాలు రాయడం చేతకాదు. అయినా రెండు ముక్కలు అడుగుతాను.

ప్రకటన వచ్చినప్పుడు దానిమీద వేలు పెట్టడమేగా నొక్కడమంటే? అది నేరమెలా అయింది? దుకాణం ముందు నిలబడి 'రండి, చూడండి' అని కేకలేస్తారు, తీరా లోపలికెళ్ళి చూస్తే దొంగ అని పట్టిస్తారా? ఆ నొక్కేది మంచివాళ్ళో చెడ్డవాళ్ళో కంపెనీకి ఎలా తెలుస్తుంది? వెంటనే రాయి. బుట్ట పైకి లాక్కునేటప్పుడు తాడు మెల్లగా లాగు, ముడి వదులైంది.

మీ నాన్న

*

బుధవారం

నాన్నగారికి,

అమాయకుల్లా బాగా అడిగారు. ఒకే చోటినుంచి, ఒకే వేళకి, అదే మనుషులు కొనే ఉద్దేశం లేకుండా పదేపదే నొక్కితే కంపెనీ దాన్ని మోసం కింద లెక్కవేస్తుంది. నా వీడియోల పేజీలో చూశాను. రెండు నెలలుగా రోజూ సాయంత్రం నాలుగింటికి మన ఊరినుంచి జనం ఎగబడ్డారు. ఐదయ్యేసరికి ఒక్కడూ లేడు. ఆ వేళకి మన కర్మూజ్ పేటలో అంతమంది ఫోన్లు పట్టుకుని కూర్చునే చోటు ఒక్కటే. లబీబ్ టీకొట్టు.

వాడికి నామీద కక్ష ఎందుకో మీకు తెలుసు. పోయిన రంజానుకి వాడి టీ బాయిలరు కెమెరా ముందు విప్పి, అడుగున పేరుకున్న సున్నం గరిటెతో గీకి చూపించాను. ఊరంతా నవ్వింది. నిన్న ఎదురుపడితే పళ్ళికిలించి ఏమన్నాడో తెలుసా?

"ఏంటి ఇంజినీరూ, బండి జోరుగా లాగుతోందా? అందులో మా చెయ్యి కూడా ఉందిలేవోయ్!"

మొహం మీదే అన్నాడు. చంపినవాడే వచ్చి శవం బాగుందన్నట్టు. టీలో పంచదార తక్కువ, మనిషిలో సిగ్గు తక్కువ. బాయిలరులో సున్నం వాడి గుండెలో ఉన్నదానికంటే నయం.

కనుక నిశ్చయించుకున్నాను. శుక్రవారం నమాజు ముగియగానే వీడియో పెడతాను. వాడి పేరు, మొహం, కొట్టు బోర్డు, అన్నీ చూపిస్తాను. ఈ ముష్టి వీధిలో ఒకడు పైకొస్తే పదిమంది కాళ్ళు పట్టి కిందికి లాగుతారని చెబుతాను. అది నా ఆఖరి వీడియో. ఆ తర్వాత వాడి కొట్టు మీద ఈగ కూడా వాలదు. వద్దని చెప్పడానికైతే బుట్ట పంపకండి.

వజ్దీ

*

గురువారం

నాయనా వజ్దీ,

వద్దని చెప్పడానికే బుట్ట పంపుతున్నాను. రాత్రంతా నిద్ర లేదు.

నొక్కించింది నేను.

బక్రీదు నాడు ఆ మాట అన్నాక నీ మొహం చూశాను. నవ్వావు గానీ కళ్ళు నవ్వలేదు. క్షమించమని అడగడానికి ముసలి నాలుక తిరగలేదు. అప్పుడు మందుల కొట్టు కుర్రది చెప్పింది, "మీ అబ్బాయి వీడియోల్లో ప్రకటనలు నొక్కితే అతనికి డబ్బొస్తుంది తాతా" అని. ఇంత సులువా అనుకున్నాను. పెళ్ళిలో చదివింపులు చదివించమూ? వీడికి పెళ్ళి ఎప్పుడో, మేమంతా అప్పటికి ఉంటామో లేదో, ముందే చదివించేద్దామని లబీబ్ కొట్లో కూర్చునే మావాళ్ళతో అన్నాను.

ఎనిమిదిమందిమి. రోజూ సాయంత్రం అస్ర్ నమాజు కాగానే. మా కండక్టరు అత్రీస్‌కి తలమీద వెంట్రుక లేదు గదా, జుట్టు నూనె ప్రకటన ఒక్కరోజే నలభైసార్లు నొక్కాడు. దర్జీ మర్జూక్ అయితే పెళ్ళి మైకు ముందు నిలబడ్డట్టే లేచి, "మర్జూక్ తరఫున, షెహాతా కొడుక్కి, ఇంకొక్కటి!" అని అరిచి మరీ నొక్కేవాడు. లబీబ్ ఇంటర్నెట్ ఇచ్చాడు. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజుల్లో కూడా నాలుగింటికి టీవీ కట్టేసేవాడు. నీ బాయిలరు సంగతి గుర్తుచేస్తే, "పరువు తీశాడు నిజమే, కానీ సున్నం కూడా తీశాడుగా" అన్నాడు. మా చెయ్యి ఉందన్నది అందుకురా. వాడు గొప్పగా చెప్పుకున్నాడు.

నాకు చాలా సిగ్గుగా ఉంది. నీ పని చిన్నదని నవ్వినవాణ్ణి నేనే, దాన్ని మొదలంటా నరికినవాణ్ణీ నేనే. వీడియోలో పేరు పెట్టాలంటే నాది పెట్టు. ఇస్త్రీ బట్టలు వేసుకుని కూర్చుంటాను. వాళ్ళ జోలికి మాత్రం వెళ్ళకు.

ఇంకో సంగతి. వాళ్ళకు నేనింకా చెప్పలేదు. ఇవాళ కూడా నాలుగింటికి కూర్చున్నారు. నీ వీడియోల్లో ప్రకటనలు ఇంకా వస్తూనే ఉన్నాయి, వీళ్ళు నొక్కుతూనే ఉన్నారు. "కుర్రాడి పని ఎలా ఉంది?" అని అత్రీస్ అడిగాడు. మిద్దెలు కడుతున్నాడని చెప్పాను.

మీ నాన్న

*

శుక్రవారం

నాన్నా,

గాడిదలు. ఎనిమిది ముసలి గాడిదలు, ఇంటర్నెట్ ఇచ్చిన తొమ్మిదో గాడిద. నీ ఉత్తరం చదివి ఒక గంటసేపు గోడతో ఇదే చెప్పాను. ఆ తర్వాత ఏడ్చాను. చాలాసేపు ఏడ్చాను నాన్నా.

లబీబ్ మీద తీసిన వీడియో పెట్టకుండానే చెరిపేశాను. ఆరేళ్ళు నాలుగు లక్షలమందికి నేర్పానని విర్రవీగాను. కింద మా నాన్న ఆ ప్రకటనల మీద వేలు ఎందుకు పెడుతున్నాడో తెలుసుకోలేకపోయాను. ఆ కంపెనీని నా జన్మలో క్షమించను. మీ నొక్కుళ్ళు దొంగవంటూనే నా వీడియోల మీద ప్రకటనలు వేసి, డబ్బు తన గల్లాలో వేసుకుంటున్న దొంగ అది. ఎలా బతకాలో నాకింకా తెలియదు. గీజరు విప్పే చెయ్యి ఉంది కాబట్టి రేపటినుంచి ఇల్లిల్లూ తిరుగుతాను.

ఇవాళ నాలుగింటికి నేనే కిందికి వస్తున్నాను. వాళ్ళకి నేనే చెబుతాను. నువ్వు మధ్యలో నోరు విప్పకు. మీరు నొక్కడం వల్ల పోయిందని చెప్పను. కంపెనీ దివాలా తీసిందని చెబుతాను. మీ ముసలి బుర్రలు నమ్ముతాయి. మర్జూక్ 'అయ్యో పాపం' అంటాడు. లబీబ్ సంగతి చెప్పలేం, పళ్ళెం పట్టుకుని ఆ కంపెనీ కోసం కూడా చందా మొదలుపెడతాడు. మొదలుపెడితే అడ్డు చెప్పకు. ముందు నేనే వేస్తాను.

నీ కొడుకు
వజ్దీ