నాన్నలకు కోచింగ్

చాండ్లర్, అమెరికా

తమ్ముడు ఎలీషాకు, ఇక్కడ అందరం క్షేమం. ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు కాబట్టి కార్డు రాస్తున్నాను. పోస్ట్‌మాన్ దగ్గర్నుంచి నీ కూతురి దాకా అందరూ చదువుకోనీ.

కెజియా చేత ఫుట్‌బాల్ మాన్పించావట. కాలేజీ జట్టు గోల్‌కీపర్ నిక్కరు వేసుకుంటే సంఘంలో నీ పరువు పోతుందా? ఏం పరువురా అది!

మా అమ్మాయి షారన్‌కి ఫుట్‌బాల్ నేర్పే కోచ్ హోర్స్ట్ గారు జర్మన్. మలావీ, జోర్డాన్, బంగ్లాదేశ్‌లలో ఆడపిల్లల జట్లను తయారుచేసి, పెద్దతనంలో ఇక్కడికి వచ్చారు. "పేద దేశాలకు ఆట నేర్పడానికి కూడా తెల్లదొరే కావాలా?" అని మొన్న గ్రౌండ్‌లోనే దులిపేశాను. ఆయన నవ్వి, "ఆట ఆ పిల్లలకి ముందే వచ్చు మేడమ్. నేను కోచింగ్ ఇచ్చింది వాళ్ల నాన్నలకి" అన్నారు. ఎక్కడైనా ఒక పిల్ల ఆటకు రావడం మానేస్తే, ఆ ఇంటికి వెళ్లి, తండ్రి ఒప్పుకునేదాకా టీ తాగుతూ కూర్చునేవారట. వాదనలో నేను ఓడిపోవడం నువ్వెప్పుడైనా చూశావా? మొన్న ఓడిపోయాను, అదీ సంతోషంగా.

అమ్మ కంటి ఆపరేషన్ ఎప్పుడు? చుక్కల మందు మానకుండా వెయ్యండి. కెజియా అరచేతులు కాగితం మీద పెట్టించి, చుట్టూ గీసి పంపు. గ్లవుజులు కొంటాను.

జనవరిలో హోర్స్ట్ గారు కోచ్‌ల ట్రైనింగ్‌కి విజయవాడ వస్తున్నారు. మన తెనాలి అడ్రస్ ఇచ్చాను. ఆయన టీలో చక్కెర వేసుకోరు, మరదలికి చెప్పు. పాలు మాత్రం ఎక్కువ తెప్పించు.

అమ్మకు వందనాలు, కెజియాకు ముద్దులు. నీ వాటా దీవెనలు ఆయన చేతికిచ్చి పంపుతున్నాను.

మీ అక్క,
ఎస్తేరు