పిల్లికీ ఒక్కపొద్దే

వరంగల్,
12-8-1979

పశువుల దవాఖాన డాక్టరు గారికి నమస్కారములు.

పోయిన సోమవారం బుట్టలో పిల్లిని తెచ్చి చూపించింది నేనే. అది బక్కచిక్కింది, వెంట్రుకలు ఊడిపోతున్నాయంటే, రోజూ ఉడికించిన గుడ్డు కొంచెం పెట్టమన్నారు. వారం పాటు ఏం తిన్నదో రాసి పంపమన్నారు. రాశాను. ఆరు రోజులు పెరుగన్నం, పాలు. శనివారం ఏమీ లేదు. ఆ రోజు మా అత్తగారికి ఒక్కపొద్దు. ఆవిడ తనతోపాటు పిల్లిని కూడా ఉపవాసం ఉంచుతారు.

"మనింట్ల పుట్టింది, మన తీరే ఉంటది" అంటారు.

ఇక మీదట దానికి ఉపవాసం లేదని ఎట్లాగో ఒప్పించాను. చిక్కంతా గుడ్డు దగ్గరే వచ్చింది. మాది గుడ్డు ముట్టని ఇల్లు. పక్కింటి మొగిలమ్మ తన పొయ్యి మీద ఉడికించి, తన వాకిట్లోనే పెడతానన్నది. అయినా అత్తగారు వినలేదు.

"డాక్టర్ సారే చెప్పిండు అత్తమ్మా, దానికి అది మందు" అన్నాను.

"సారు కాయితం మీద రాస్తె మందు. నువ్వు చెప్తె గుడ్డే" అన్నారు.

అంతలోనే పిల్లి వీపు నిమిరి, "అయ్యో, బొక్కలు తగుల్తున్నయే! జర జల్ది రాయి సారుకు" అని ఆవిడే నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టారు.

కాబట్టి దయచేసి మందుచీటీ మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో గుడ్డు సంగతి రాసి పంపండి. అత్తగారు కూడబలుక్కుని చదువుకుంటారు. ఎన్ని రోజులు పెట్టాలో మాత్రం రాయకండి. రాస్తే ఆ గడువు తీరిన మర్నాటి నుంచి పిల్లికి మళ్ళీ పెరుగన్నమే.

ఇట్లు,
బియ్యం దుకాణం వారి ఇల్లాలు