టార్చి కొనడానికి వెళ్తే

గురువారం, రాత్రి

టార్చి సరిగా వెలగడం లేదని మా ఆయన నెలరోజులుగా విసుక్కుంటున్నాడు. నెక్కొండ వైపు రాత్రంతా రైలు పట్టాలు చూసుకుంటూ నడిచే డ్యూటీ కదా, సొంతంగా మంచి ఎల్‌ఈడీ టార్చి కొందామని సాయంత్రం ఇద్దరం మట్టెవాడ వెళ్లాం.

దుకాణం వెనక చీకటి గదిలో షాపతను ఒక్కొక్కటీ వెలిగించి చూపించాడు. అన్నీ డల్లే అన్నాడు ఈయన. చివరికి షాపతను తన తాళాలు నేల మీద పడేసి, అన్నిటికన్నా పెద్ద టార్చి వాటి మీదికి కొట్టాడు. తాళాలు తళతళా మెరిశాయి.

“కనబడ్తున్నయా అన్నా?”

“ఏడున్నయ్?” అంటూ ఈయన నేలంతా వెతుకుతున్నాడు.

బయటికి రాగానే, “కండ్ల దవాఖానకు పోదాం పాండ్రి” అన్నాను.

“చూపు తగ్గిందని తెలిస్తే నౌకరి పోతది. ఎవ్వలకు చెప్పకు” అని, ఆ పెద్ద టార్చే పట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

అన్నం ముట్టబుద్ధి కాలేదు. ఆయన కంట పడకుండా పోయే విరిగిన పట్టా, దాని మీదికి వచ్చే రైలు, అందులో నిద్రపోయే జనం, ఇవే కళ్లముందు. ఉండబట్టలేక సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. మా ఆయన్ను ఇంటికి పంపిస్తున్నారట. ఇంకాసేపట్లో వస్తాడు. తలుపు తీసి ఆయన మొహం ఎలా చూడాలో...