గాజు తలుపుకు కట్టిన నిమ్మకాయ

శెట్టిగారికి దణ్ణాలు. నరసరావుపేటలో మీ బట్టల కొట్టు ముందు నిమ్మకాయ దండలమ్మే ముసలిదాన్నయ్యా. మీరు కొట్టు అమ్మేసినచోట అద్దాల తలుపుల షోరూం వచ్చింది. శనివారం మీ గుమ్మానికి కట్టినట్టే, వాళ్ళకూ మంచి జరగాలని, అడక్కుండా నిమ్మకాయా మిరపకాయలూ కట్టాను. కెమెరాలో చూసిన మేనేజరు "ఏందే ముసలీ, చేతబడి చేస్తున్నావా?" అని జనం ముందు గెంటించాడు. అప్పట్నుంచీ బజార్లో నా దండ ఎవరూ ముట్టట్లా. అత్తా అని పిలిచే టీకొట్టామె కూడా నన్ను చూసి పిల్లల్ని లోపలికి లాక్కుంటోంది. నేను అట్టాంటిదాన్నా శెట్టిగారూ? పొయ్యి కూడా వెలగట్లా.

మీకు ఒంట్లో బాగోలేదని విన్నా, అయినా అడుగుతున్నా. ఈ శనివారం గుంటూరు నుంచి ఒక్కసారి రండి. బస్సులో ఎండ తగలనీయమాకండి. మీరేం చెప్పక్కర్లా. అందరూ చూస్తుండగా నా చేతిలోంచి ఒక్క దండ అందుకోండి చాలు.