ఒడ్డు నుంచి పిలవగలిగే పేరు

మన తోల్గనాయ్ వాళ్ళ నాన్నా,

నేను ఆసుపత్రికి డ్యూటీకి వెళ్తున్నాను. పడవ అడుగున పూసిన వార్నిష్ ఇంకా ఆరలేదు. చలేస్తోందని గ్యారేజీలో పొయ్యి వెలిగించకండి, ఆ ఘాటుకి నిప్పంటుకుంటుంది. తలుపు సగం తెరిచే ఉంచాను. పడవకీ గోడకీ మధ్య దూరబోతే నా కోటు నిండా వార్నిష్ అయింది, దాని సంగతి వచ్చాక మాట్లాడతాను. కుండలో గొర్రెమాంసం ఉంది, వేడి చేసుకోండి.

ఆదివారం బాల్ఖాష్ సరస్సులో దించుతానన్నారు. దించండి, వద్దనను. కానీ పడవ మీద మామయ్య పేరు రాశారేంటి? కోడలు మామగారి పేరు నోట పలకకూడదని మీకు తెలీదా? గాలి లేచి మీరు రాకపోతే, వెతికేవాళ్ళు "ఏ పడవమ్మా?" అని అడిగితే నేనేం చెప్పాలి?

ఆ పేరు గీకేశాను. కోప్పడితే కోప్పడండి. నేను ఒడ్డున నిలబడి అరవగలిగే పేరు పెట్టండి.

ఇంకో మాట. మామయ్య మునిగిపోయిన రోజు అత్తయ్య కూడా పేరు పెట్టి పిలవలేక "ఇంటాయనా" అని అరిచిందట. పడవల్లో ఉన్న మొగుళ్ళందరూ తిరిగి చూశారట, ఆయన తప్ప.