పద్నాలుగో ఫైలులోని భార్య

వ్యక్తిగత పత్రాల భాండాగారం అధికారి గారి సముఖానికి, బరంపురం.

అర్జీదారు: పొట్నూరు బుజ్జమ్మ, రిటైర్డు టీచరు, గేట్ బజార్ వెనుక వీధి.

అయ్యా,

విషయం: కీర్తిశేషులు ప్రొఫెసర్ పొట్నూరు వైకుంఠరావు గారి కాగితాల జాబితాలో భార్య స్థానంలో వేరొకరిని చేర్చుట – సవరణ కోరుట గురించి.

పై విషయమై తమకు విన్నవించుకునేది ఏమనగా, జర్నలిజం ఆచార్యులు, ‘గంజాం కబురు’ వారపత్రిక సంపాదకులు అయిన సదరు వైకుంఠరావు గారికి నేను భార్యను. ఏకైక భార్యను. నిరుడు వారు పోయాక మూడు ట్రంకుపెట్టెల కాగితాలు తెరిచి చూడకుండానే తమకు అప్పగించాను. చూసినా లాభం లేదు, నాకు తెలుగు చదవడం రాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ, నేను చదివిందీ, చికిటి బడిలో ముప్పై నాలుగేళ్లు పిల్లలకు చెప్పిందీ ఒడియా. ఈ అర్జీ నేను చెబుతుండగా బజార్లో అర్జీలు రాసే గౌరీశంకర్ రాస్తున్నాడు. “అమ్మా, ఏకైక అన్న మాట ఎందుకండీ, ఆఫీసోళ్లు నవ్వుతారు” అన్నాడు. “నవ్వితే నవ్వనీ, నీకేటి? రాయి” అన్నాను.

1. తమ జాబితాలో 14వ ఫైలు ఎదుట “భార్య ఉత్తరాలు, 1983–85, అరవై ఒకటి, తెలుగు” అని ఉన్నది. ఆ సంవత్సరాల్లో వారు విశాఖపట్నంలో పాఠాలు చెప్పేవారు. నేను ఉద్యోగం వదలలేక చికిటిలో ఉండిపోయాను. రెండు వారాలకో ఉత్తరం రాసిన మాట వాస్తవమే. అయితే రాసినది తెలుగు మాటలే గానీ ఒడియా అక్షరాలతో. “నీకు వచ్చిన అక్షరాలతోనే రాయి, నేను కూడబలుక్కుని చదువుకుంటాను” అని వారే చెప్పారు. కనుక తెలుగు అక్షరాల ఉత్తరాలు నావి కాజాలవు.

2. కిందటి నెల స్వయంగా వచ్చి సదరు ఫైలు చూడగా, ప్రతి ఉత్తరం కింద “మీ బుజ్జమ్మ” అనే ఉందని తమరు వేలు పెట్టి చూపించారు. పేరు నాది, చేతిరాత నీరజది. ఈమె విశాఖపట్నంలో వారి శిష్యురాలు, ఊరు బరంపురమే. తర్వాత పదకొండేళ్లు ‘గంజాం కబురు’లో సబ్ ఎడిటరు. ఏటా దీపావళికి మా ఇంటికి ఆమె కార్డు వచ్చేది. చదవలేకపోయినా ఆ రాత గుర్తుపడతాను, ప్రతి అక్షరం చివరా జిలేబీ చుట్టినట్టు తిప్పుతుంది. నా పేరు పెట్టుకుని నా మొగుడికి ఉత్తరాలు రాయడానికి ఆమెకు ఎంత ధైర్యం!

3. ఆమె ఇప్పటికీ పెళ్లి చేసుకోలేదు. కారణం తెలుసుకోవలసిన అవసరం భాండాగారానికి ఉండకపోవచ్చు. నాకుంది.

4. వారు నాకు రాసిన జవాబులను మా నాన్నగారు అరుగు మీద కూర్చుని, వీధంతా వినేలా చదివేవారు. అందుచేత వాటిలో “ఇక్కడ క్షేమం, అప్పడాలు అందినవి” అనే మాట తప్ప మరేమీ ఉండేది కాదు. మధ్యలో చదివేవాళ్లు లేని ఉత్తరం ఆమెకు దక్కింది. నాకు అప్పడాలు దక్కాయి.

5. జాబితా చివర, 52వ ఫైలు: “ఇతరములు. ఒడియా లిపిలో ఒక కట్ట. భాష తెలియదు. రాసినవారు తెలియదు.” ఆ తెలియనివారు నేనే. వారు పద్నాలుగో ఫైలు కట్టను బరంపురం పట్టు అంచు పేలికతో కట్టి, నా కట్టను గోనె పురికొసతో కట్టారని కూడా తెలిసింది. దీని గురించి తమ కార్యాలయం చేయగలిగింది ఏమీ లేదని నాకు తెలుసు. అయినా రాయమన్నాను.

కావున 14వ ఫైలు మీద “భార్య” అన్న మాట కొట్టివేసి, దానిని 52వ ఫైలు మీద వేయించి, నా స్థానం నాకు ఇప్పించవలెనని ప్రార్థన. దయతో చిత్తగించి, నా కళ్లు మూతపడక ముందే ఉత్తర్వు దయచేయవలెను.

తమ విధేయురాలు,
పొట్నూరు బుజ్జమ్మ
(ఒడియాలో సంతకం)

తా.క. ఈ అర్జీ దాఖలు చేయడానికి నిన్న వచ్చాను. తమరు సీట్లో లేరు. చదువుల గదిలో పనిచేసే సుశ్మితను కూర్చోబెట్టి, “ఆ పద్నాలుగో ఫైలు తియ్యమ్మా. నా మొగుడికి ఏటి రాసిందో ఇంటాను” అన్నాను. ఆమె మొదటి ఉత్తరం చదివింది: “మీరు విడిచి వెళ్లిన లుంగీ ఉతకలేదు. మడతపెట్టి తలగడ కింద ఉంచుకున్నాను.”

అయ్యా, ఆ లుంగీ సంగతి లోకంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

52వ ఫైలు కూడా తెప్పించాను. సుశ్మిత తెలుగు కట్ట, నేను ఒడియా కట్ట పట్టుకుని పక్కపక్కన చదివాము. “అమ్మగారూ, ఇవీ అవీ ఒక్కటేనండీ! మీరు రాసినవే ఆవిడ తెలుగులోకి ఎత్తి రాసారు” అంది. వారికి ఒడియా అక్షరం రాదన్నమాట. కూడబలుక్కుంటానన్నది అబద్ధం. రెండు లిపులూ వచ్చిన శిష్యురాలి చేత రాయించుకుని చదువుకున్నారు. అంటే నా మొగుడికి నేను రాసుకున్న ప్రతి మాటా ముందు ఆమె చదివింది. సిగ్గుతో చచ్చిపోయాను. పైగా నేను “ఏటి” అన్నచోటల్లా “ఏమి” అని దిద్దింది. పట్టు పేలికతో కట్టి దాచుకున్నది నా మాటలే అయినా, వారు చూసి మురిసింది ఆమె చేతిరాతను. ఏడవాలో సంతోషించాలో తెలియక సుశ్మిత ఇచ్చిన టీ తాగాను.

కనుక పై ఐదు అంశాలూ ఉపసంహరించుకుంటున్నాను. రెండు ఫైళ్లూ భార్యవే. ఒక్క వాక్యం మినహా.

అరవై ఉత్తరాలు సరిపోయాయి. అరవై ఒకటో దాంట్లో నేను రాసింది బడి గోడ వానకు కూలిందనే మాటతో అయిపోయింది. తెలుగులో మాత్రం నా పేరుకు పైన ఇంకొక లైను ఉంది: “పక్కనే ఉండి ఇంత దూరంగా ఇంకెన్నాళ్లు?” నేను చికిటిలో ఉన్నాను. వారి పక్కన లేను.

ఆ లైనును వారు ఎర్ర పెన్సిలుతో కొట్టేశారు. “అమ్మయ్య, కొట్టేసారు” అని పైకే అన్నాను. సుశ్మిత కాగితం వెలుగులోకి తిప్పి, “కొట్టేసారు గానీ కింద ఈ సుక్కలేటండీ?” అంది. నలభై ఏళ్లు ఎడిటరుతో కాపురం చేశాను, ప్రూఫులు ఆరేసిన తాడు కిందే వంట చేశాను. కొట్టేసిన మాట కింద చుక్కలు పెడితే, తీయవద్దు, ఉండనివ్వండి అని అర్థం. ఆ పిల్లతో మాత్రం “మరకలమ్మా” అన్నాను.

ఇందులో తన మాట ఒక్కటీ కలపనని గౌరీశంకర్ చేత ఒట్టు వేయించుకుని చెబుతున్నాను. ఆ వాక్యాన్ని నీరజ పేరున వేరే ఫైలులో వేయండి, నాకు అభ్యంతరం లేదు. కొట్టివేత ఉండనివ్వండి. కింది చుక్కలు చెరపడానికి మాత్రం నాకు ఐదు నిమిషాలు అనుమతి ఇప్పించండి. పెన్సిలు చుక్కలే కదా, పోతాయి. రబ్బరు నేనే తెచ్చుకుంటాను.