తుమ్మ కింద బతికిన వేప మొక్కలు

పటాన్‌చెరు,
ఆదివారం

సరోజక్కకు,

వాన తక్కువైన నేలలో పక్క చెట్టు తోడా, పోటీయా? బోటనీ చదివిన రోజులనుంచీ ఈ ప్రశ్న నన్ను వదలలేదు. ఇప్పుడది నా ఉద్యోగం మీదికే వచ్చింది.

నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బావగారు, అత్తయ్యగారు కులాసాయేనా? నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, బెంగపడకు. జొన్నరొట్టె అలవాటైంది. ఎవరైనా ఇటు వస్తే మాగాయ పంపు.

మన కోనసీమలో చెట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని పెరుగుతాయి. ఇక్కడ ముత్తంగి దాటితే గడ్డి, అక్కడొకటి ఇక్కడొకటి తుమ్మలు. ఇలాంటి నేలనే పుస్తకాల్లో సవానా అంటారు. నీటి కోసం వేళ్ళు పోటీపడి చెట్లు ఎడంగా నిలుస్తాయని చదివాను. అది నమ్మి, నిరుడు వానలకు ముందు మా ఫ్యాక్టరీ వెనక బీడులో తుమ్మలు కొట్టించి, పదేసి అడుగుల దూరంలో వేప మొక్కలు నాటించాను. ఒక మూల నాలుగు తుమ్మల్ని మాత్రం మల్లయ్య అనే ముసలాయన కొట్టనివ్వలేదు; వాటి కిందా వేపలే నాటించాను. ఆ బీడు ఒకప్పుడు వాళ్ళ చేనే. ఇప్పుడు అక్కడే మొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు.

వానల్లో తుమ్మ కిందివి గిడసబారాయి, బయటివి ఏపుగా పెరిగాయి. నేనే గెలిచాననుకున్నాను. ఈ వేసవిలో బయటివన్నీ ఎండిపోయాయి. తుమ్మ కిందివి పచ్చగా ఉన్నాయి.

మేనేజరు గారు కారణం రాసిమ్మన్నారు. "కారణం ఒకటే రాయండి మేడం. మల్లయ్య నీళ్ళు పెట్టలేదని రాస్తే అతన్ని మార్చేద్దాం."

మనవరాలి పెళ్ళికని ఆ ఎండల్లోనే మల్లయ్య నాలుగు రోజులు రాని మాట నిజం. నన్ను అడిగే వెళ్ళాడు. బదులు మనిషిని పెట్టడం నేనే మరిచాను.

నిన్న గేటు దగ్గర ఆపాడు. "తుమ్మ గొడుగు పడ్తదని సెప్పిన గదా మేడం. మీరు ఇనలే. ఇగ నా మీద రాస్తరా?"

"ఇంకా ఏమీ రాయలేదు మల్లయ్యా."

"నాలుగు దినాలు తుమ్మ కిందియాటికి గుడ నీళ్ళు లెవ్వు గదా. అవేం తాగి బతికినయ్? కల్లా?"

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మూల కాస్త పల్లం కూడా, అక్కా. తడి అక్కడే నిలుస్తుంది. అందుకని నీడే కాపాడిందని గట్టిగా అనలేను. తప్పు నాదని రాస్తే అది నిజమో, మల్లయ్య మీద జాలో నాకే తెలియదు. అలా రాస్తే నా పని పోవచ్చు.

అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పి, నా తరఫున దీవెన అడుగు. పిల్లలకు ముద్దులు.

రేపు పది గంటలకు కాగితం ఇవ్వాలి. మల్లయ్య పేరు రాయను. ఆ చోట ఏం రాయాలో ఇంకా తేల్చుకోలేదు.

నీ చెల్లెలు,
భారతి